పాత అమెరికా కౌంటీ కోర్టు పుస్తకంలో క్రిమినల్ కేసు పేజీ చదవడం ఎలా: మా బెంగళూరు టీం పిల్లల కోసం

పోయిన శనివారం నైట్ షిఫ్టులో, మా టీంలో చేరి రెండు నెలలు కూడా కాని హిందూపురం పిల్లవాడు స్క్రీన్ మీద ఒక పేజీ తెరిచి పెట్టుకుని "అక్కా, వీణ్ణి ఉరి తీసేశారా? ఇందులో ఏమీ రాయలేదే" అని అడిగాడు. చూస్తే 1750ల నాటి వర్జీనియా కౌంటీ ఆర్డర్ బుక్కు, అంటే కోర్టు ఆదేశాలన్నీ వరసగా రాసుకునే పుస్తకం, అందులో గుర్రం దొంగతనం కేసు, చివర్లో ఖైదీని అప్పటి వర్జీనియా రాజధాని విలియమ్స్‌బర్గ్ జైలుకి పంపమన్నారు, అంతే, ఆ కింది లైన్లో ఇంకెవరిదో భూమి దస్తావేజు మొదలైపోయింది. వాడు అలా అడిగినందుకు నాకు నిజంగా సంతోషం వేసింది, ఎందుకంటే మనది టైటిల్ సెర్చ్ పని, అంటే భూమి ఎవరెవరి చేతులు మారిందో వెతకడం, మనకి కావలసింది భూమి లైను, చాలామంది అది పట్టుకుని కాపీ చేసుకుని వెళ్ళిపోతారు, పైనున్న మనిషి ఏమయ్యాడు అని ఎవరూ అడగరు. టీ బ్రేక్‌లో చెప్పింది చాలలేదు, అందుకే ఆదివారం కగ్గదాసపుర రూంలో కూర్చుని మొత్తం రాస్తున్నా. మన పని చెయ్యనివాళ్ళకి, ఊరికే చరిత్ర మీద ఇష్టంతో ఈ రికార్డులు చూసేవాళ్ళకి కూడా పనికొస్తుంది.

పేజీ చదవడానికి ముందు చెయ్యాల్సింది, ఆ రోజున ఆ చోటు ఏ కౌంటీలో, అంటే వాళ్ళ జిల్లాలో, ఉందో తేల్చుకోవడం. మ్యాప్‌లో ఇప్పటి కౌంటీ పేరు చూసి వెతికితే దొరకదు. హిందూపురం మొన్నటిదాకా అనంతపురం జిల్లా, 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లా, అసలు 1882కి ముందు అనంతపురమే బళ్ళారి జిల్లాలో ఉండేది కదా, అక్కడా అంతే. వర్జీనియాలోని ఆగస్టా కౌంటీని 1738లో ఆరెంజ్ కౌంటీ నుంచి విడదీశారు గానీ అక్కడి స్టాంటన్‌లో కోర్టు కూర్చుంది 1745 డిసెంబర్‌లో, ఆ మధ్య ఏళ్ళ కేసులన్నీ ఆరెంజ్ పుస్తకాల్లోనే ఉంటాయి. అప్పట్లో వర్జీనియాలో భాగమైన కెంటకీ అయితే 1772 నుంచి 1776 దాకా ఫిన్‌కాజిల్ కౌంటీ, తర్వాత కెంటకీ కౌంటీ, 1780లో మూడు ముక్కలు, 1792లో రాష్ట్రం. ఇల్లు కదలకుండానే మనిషి నాలుగు చోట్ల రికార్డులో కనిపిస్తాడు.

తేదీ దగ్గర కూడా జాగ్రత్త. 1752కి ముందు వాళ్ళకి సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది, అందుకే ఫిబ్రవరి 1745 అని ఉంటే మన లెక్కలో అది 1746. మా తాత కరణం పని చేసిన ఇంటివాడు, పాత చిట్టాల్లో ఫసలీ సంవత్సరం జూలైలో మొదలవుతుందని చిన్నప్పుడే చూపించాడు కాబట్టి నాకు ఇది వింతగా అనిపించలేదు, కానీ కొత్తవాళ్ళు ఇక్కడే తప్పు చేస్తారు, అరెస్టు కంటే ముందే శిక్ష పడినట్టు షీట్‌లో ఎక్కించేస్తారు. ఇంకొకటి, సెవెన్ అంకె వేసి పక్కన బి ఇ ఆర్ అని రాసుంటే అది సెప్టెంబర్, జూలై కాదు.

ఇప్పుడు కోర్టులో ఎవరున్నారో చూద్దాం. మొదటి లైన్లో నలుగురైదుగురు పేర్లుంటాయి, పక్కన జెంట్ (జెంటిల్మన్) అని చిన్నగా, వాళ్ళు జస్టిసెస్ ఆఫ్ ది పీస్. వీళ్ళు లాయర్లు కాదు, జీతం లేదు, గవర్నర్ నియమించిన భూమి ఉన్న పెద్దమనుషులు, మన పాత గ్రామ మునసబు లాంటివాళ్ళు కానీ అధికారం చాలా ఎక్కువ. కోర్టు నడవాలంటే కనీసం నలుగురుండాలి, నెలకోసారి కూర్చునేవాళ్ళు, రోడ్లు వెయ్యమని చెప్పేదీ వాళ్ళే, సారా అంగడికి లైసెన్సు ఇచ్చేదీ, అనాథ పిల్లల్ని ఎవరికి అప్పగించాలో చెప్పేదీ, కొట్లాట తీర్పు చెప్పేదీ వాళ్ళే. అందుకే ఆర్డర్ బుక్కులో క్రిమినల్ కేసులకి వేరే భాగం ఉండదు, అన్నీ కలిసే ఉంటాయి, ఒక్కొక్క పేరా చదువుకుంటూ పోవాల్సిందే. కొత్త కౌంటీల్లో మొదట్లో కోర్టు ఎవరి ఇంట్లోనో, పూటకూళ్ళ ఇంట్లోనో, దుంగలతో కట్టిన గదిలోనో జరిగేది. జైలు కూడా అంత గట్టిది కాదు, అరెస్టులు, జైలు చూసుకునే షెరీఫు కోర్టుకొచ్చి ఈ జైలు చాలదు అని అభ్యంతరం నమోదు చేయించుకున్నట్టు పదే పదే కనిపిస్తుంది. అది ఊరికే గొణుగుడు అనుకోకండి, అప్పు కోసం పెట్టిన ఖైదీ పారిపోతే ఆ అప్పు షెరీఫు మెడకే చుట్టుకునేది, ముందుగా రాయించుకుంటే కాస్త రక్షణ.

కేసు ఎవరి పేరు మీద ఉందో చూస్తే కాలం, చోటు రెండూ తెలుస్తాయి. రాజు పేరుంటే 1776కి ముందుది. కామన్‌వెల్త్ అనుంటే ఆ తర్వాతి వర్జీనియా, కెంటకీ, పెన్సిల్వేనియా. స్టేట్ అనుంటే నార్త్ కరోలినా, టెన్నెసీ వైపు. ఒహైయో వైపు టెరిటరీలో యునైటెడ్ స్టేట్స్ పేరు మీదే కేసు నడిచేది.

ఇక అసలు సంగతి, ఆ పిల్లవాడు తడబడిన చోటు. వర్జీనియా పద్ధతిలో ప్రాణం మీదికొచ్చే నేరం, అంటే హత్య, గుర్రం దొంగతనం, పెద్ద దొంగతనం లాంటివి, స్వేచ్ఛగా ఉన్న మనిషి మీద వస్తే కౌంటీ కోర్టు విచారించి శిక్ష వెయ్యలేదు. ముందు ఒక్క జస్టిస్ దగ్గర ఫిర్యాదు, ఆయన వారంటు ఇస్తాడు, మనిషిని తెస్తారు, సాక్షుల మాట విని జైలుకి పంపే కాగితం రాస్తాడు, దాన్ని మిట్టిమస్ అంటారు. తర్వాత షెరీఫు మిగతా జస్టిసుల్ని పిలిచి ప్రత్యేకంగా ఒక కోర్టు పెట్టాలి, వారంటు తేదీకి 5 రోజులకి తక్కువ కాకుండా 10 రోజులకి మించకుండా. దీన్నే ఎగ్జామినింగ్ కోర్టు అంటారు, కొన్నిచోట్ల కాల్డ్ కోర్టు. ఇది నేరం చేశాడా లేదా అని తేల్చడానికి కాదు, పై కోర్టుకి పంపేంత బలం కేసులో ఉందా అని చూడటానికి మాత్రమే. మన మేజిస్ట్రేటు కోర్టు హత్య కేసుని సెషన్స్‌కి కమిట్ చేస్తుంది చూడండి, మేయో హాల్ దగ్గర ప్రాక్టీసు చేసే మా ఫ్రెండుకి ఇది చెప్పగానే "ఇది మా కమిటల్ ప్రొసీడింగ్సే కదవే" అంది, అంతే, కాకపోతే ఇప్పుడు మన మేజిస్ట్రేటు కాగితాలిచ్చి పంపేస్తాడు, అక్కడ మాత్రం సాక్షుల్ని నిలబెట్టి నిజంగానే వినేవాళ్ళు.

ఆ పేరా ఎప్పుడూ ఒకే అచ్చులో ఉంటుంది కాబట్టి ఒకసారి అలవాటైతే చేతిరాత ఎంత పాడుగా ఉన్నా చదివేయొచ్చు. ఫలానావాడు జైలు నుంచి బందోబస్తుతో కోర్టుకి తేబడ్డాడు, ఫలానా నేరం అనుమానం మీద, సాక్షులు ప్రమాణం చేసి చెప్పారు, ఖైదీ తన తరఫున చెప్పుకున్నది విన్నారు, కోర్టు అభిప్రాయం ఏమంటే, అని సాగుతుంది. ఖైదీ చెప్పుకున్నది విన్నారు అని ఉందే గానీ ప్రమాణం చేసి సాక్ష్యం ఇచ్చాడని ఉండదు, ఎందుకంటే ముద్దాయి తన కేసులో తానే ప్రమాణం మీద చెప్పే హక్కు అప్పటికి లేదు, అమెరికాలో మొట్టమొదట ఇచ్చిన రాష్ట్రం మెయిన్, అది కూడా 1864లో. వాడు ఏం చెప్పుకున్నాడో క్లర్కు ఒక్క ముక్క కూడా రాయడు, అది నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది, ప్రాణం పోయే కేసులో మనిషి మాట్లాడింది అర లైనులో మింగేశారు.

చివర కోర్టు అభిప్రాయం మూడు రకాల్లో ఒకటి అవుతుంది. వదిలెయ్యండి అంటే అయిపోయినట్టే. పై కోర్టుకి పంపండి అంటే ఖైదీ విలియమ్స్‌బర్గ్ జైలుకి పోతాడు, 1780 తర్వాత రిచ్‌మండ్‌కి, ఆగస్టా నుంచి అయితే బ్లూ రిడ్జ్ కొండలు దాటి వెళ్ళాలి, సాక్షులు కూడా ఆ పై కోర్టుకి, అంటే జనరల్ కోర్టుకి, వస్తామని ముచ్చలిక రాసివ్వాలి, పొలం వదిలేసి అంతదూరం ఎవరు పోతారు, అందుకే అక్కడికి చేరాక కేసు నిలబడకపోవడం కూడా జరిగేది. ఈ కష్టం చూసే 1782లో కెంటకీకి వేరే డిస్ట్రిక్ట్ కోర్టు పెట్టారు, మరుసటేడాది హారడ్స్‌బర్గ్‌లో మొదలైంది. మూడోది, నేరం చిన్నదని తేల్చి అక్కడే కొరడా దెబ్బలతో ముగించడం. కొన్నిసార్లు ఖైదీయే నన్ను అంతదూరం పంపొద్దు, ఇక్కడే కొట్టండి అని వేడుకున్నట్టు రాసి ఉంటుంది. ముప్ఫైతొమ్మిది దెబ్బలు, వట్టి వీపు మీద, గట్టిగా, ఇదీ వాళ్ళ మాట. నలభైకి ఒకటి తక్కువ అన్నది బైబిల్ లెక్క.

దొంగిలించిన వస్తువు విలువ పన్నెండు పెన్నీల లోపా, పైనా అన్నది ఎప్పుడూ చూడండి, లోపయితే చిన్న దొంగతనం, కొరడాతో పోతుంది, పైనయితే పెద్ద దొంగతనం. ఒక్కోసారి విలువ సరిగ్గా పన్నెండు దగ్గర ఆపేసి ఉంటుంది, అక్కడ కోర్టు ఆ మనిషి మీద జాలి చూపించిందేమో అని నాకనిపిస్తుంది. డబ్బు లెక్క మన అణా పైసల లాంటిదే, పన్నెండు పెన్నీలు ఒక షిల్లింగు, ఇరవై షిల్లింగులు ఒక పౌండు, కానీ అది ఇంగ్లండు పౌండు కాదు, వర్జీనియాలో ఆరు షిల్లింగులు ఒక స్పానిష్ డాలరు, పక్క పెన్సిల్వేనియాలో ఏడున్నర. సగం లెక్కలు పొగాకులోనే ఉంటాయి, సాక్షికి రోజుకి 25 పౌండ్ల పొగాకు అంటే అది బత్తా, లంచం కాదు, మా దగ్గర ఒకమ్మాయి అలాగే రాసింది పాపం.

చిన్న నేరాలు వేరే దారిలో వస్తాయి. ఏడాదికి రెండుసార్లు, మే, నవంబర్‌లలో, గ్రాండ్ జ్యూరీ కూర్చుని ఊళ్ళో ఎవరేం చేశారో చెబుతుంది, బూతులు తిట్టినవాళ్ళు, ఆదివారం పని చేసినవాళ్ళు, చర్చికి రానివాళ్ళు, రోడ్డు బాగుచెయ్యని మేస్త్రీ, లైసెన్సు లేకుండా సారా అమ్మినవాళ్ళు. తిట్టుకి ఐదు షిల్లింగులు లేదా 50 పౌండ్ల పొగాకు. పెళ్ళికాకుండా బిడ్డని కన్న ఆడమనిషికి 500 పౌండ్ల పొగాకు జరిమానా, కట్టలేకపోతే 25 కొరడా దెబ్బలు, ఆమె కూలి ఒప్పందం మీద పని చేసేదైతే ఇంకో ఏడాది యజమానికి చాకిరీ. ఆ పేజీల్లో తండ్రి పేరు ఉండదు చాలాసార్లు, మీరు కుటుంబం వెతుకుతుంటే పక్క పేజీల్లో ఆ బిడ్డ పోషణకి ఎవరు జామీను రాశారో చూడండి, అక్కడ దొరుకుతాడు.

మాటల దగ్గర మోసపోయేవి కొన్ని చెబుతా. కాగితం వెనక ఇగ్నోరేమస్ అని ఉంటే ఎవరినీ తిట్టినట్టు కాదు, గ్రాండ్ జ్యూరీ కేసు తీసుకోలేదని అర్థం, ట్రూ బిల్ అనుంటే తీసుకుంది. నాన్ ఎస్ట్ ఇన్వెంటస్ అంటే షెరీఫుకి మనిషి దొరకలేదు, అప్పుడు ఏలియస్ కేపియస్ అని మళ్ళీ వారంటు, అక్కడ ఏలియస్ అంటే మారుపేరు కాదు, రెండోసారి అని. దేవుడి మీదా దేశం మీదా వదిలాడు అంటే జ్యూరీ విచారణ కోరుకున్నాడు. నోలీ ప్రోసెక్వై అంటే సర్కారు వకీలు కేసు వదులుకున్నాడు. ఏడాది ఒక రోజు సత్ప్రవర్తనకి కట్టుబడి ఉంటానని ఇద్దరు జామీనుదార్లతో ముచ్చలిక రాయడం చాలా మామూలు, ఆ ఇద్దరి పేర్లు బంగారం, ఎక్కువ సార్లు బావమరిదో, మామో, పక్క పొలంవాడో అయ్యుంటారు, మన టైటిల్ పనికి కూడా చుట్టరికం దొరికేది అక్కడే. జాన్ డో, రిచర్డ్ రో అని పేర్లొస్తే వాళ్ళ కోసం వెతక్కండి, అవి ఫారం నింపే ఉత్తుత్తి పేర్లు. కొట్లాట కేసు అన్నంత మాత్రాన క్రిమినల్ అనుకోకండి, ట్రెస్‌పాస్ అసాల్ట్ అండ్ బ్యాటరీ అని మూడూ కలిపి ఉంటే అది దెబ్బలు తిన్నవాడు నష్టపరిహారం కోసం వేసిన సివిల్ దావా.

చెవుల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే ఇందులో నేనే పెద్ద తప్పు చేశాను. ఒక పేజీలో మనిషి పేరు, కుడి చెవి కత్తిరింపు, ఎడమ చెవికి గాటు అని చూసి, శిక్షగా చెవులు కోశారని షీట్‌లో రాసి పంపేశాను. అది ఆ మనిషి పశువుల గుర్తు. ఆవులు, పందులు అడవిలో వదిలేసి మేపేవాళ్ళు కాబట్టి ఎవరి పశువుకి చెవి మీద ఏ కోతో కోర్టులో రిజిస్టరు చేయించేవాళ్ళు, అదే పుస్తకంలో. ఒక మనిషిని నూటెనభై చిల్లర ఏళ్ళ తర్వాత దొంగని చేశాను కదా అని చాలా రోజులు మనసు పీకింది. అయితే చెవి శిక్ష కూడా నిజమే, వర్జీనియాలో పంది దొంగతనం రెండోసారి చేస్తే రెండు గంటలు బొండకొయ్యలాంటి పిలరీలో మెడ బిగించి, చెవులకి మేకులు కొట్టి, తర్వాత మేకు దగ్గర కోసి వదిలేవాళ్ళు. అందుకనే ఊళ్ళో చెవి తెగి ఉన్న మనిషిని చూస్తే దొంగ అనుకునేవాళ్ళు, కొట్లాటలో ఎవడైనా చెవి కొరికేస్తే, ఆ కొరుకుళ్ళు ఆ సరిహద్దు ఊళ్ళలో బాగా ఉండేవి, బాధితుడు పరిగెత్తుకొచ్చి నా చెవి ఫలానావాడు కొరికాడు, శిక్ష వల్ల పోలేదు అని కోర్టులో రాయించుకునేవాడు. కాబట్టి చెవి అని కనపడగానే ఆగి, ఇది పశువు గుర్తా, శిక్షా, పరువు కాపాడుకునే సర్టిఫికెట్టా అని మూడు ప్రశ్నలు వేసుకోండి.

చేతి బొటనవేలి మీద కాల్చారు అని ఉంటే అది బెనిఫిట్ ఆఫ్ క్లర్జీ, మొదటిసారి నేరానికి ఉరి తప్పించే దారి, రెండోసారి ఇవ్వకూడదు కాబట్టి గుర్తు. గుర్రం దొంగకి అది వర్తించదు.

బానిసలుగా ఉన్నవాళ్ళ కేసులు వచ్చినప్పుడు దయచేసి స్పీడ్ తగ్గించండి. పైన చెప్పిన ఎగ్జామినింగ్ కోర్టు, జనరల్ కోర్టు, జ్యూరీ ఏవీ వాళ్ళకి లేవు. 1692 నుంచి వర్జీనియాలో వాళ్ళ ప్రాణం మీది కేసుల్ని ఆయర్ అండ్ టెర్మినర్ అనే కోర్టు పెట్టి, ఆ కౌంటీ జస్టిసులే, అంటే చాలామటుకు బానిసల యజమానులే, జ్యూరీ లేకుండా తేల్చేవాళ్ళు. అదే పేరాలో ఉరి తేదీ, ఆ వెంటనే ఆ మనిషి ఖరీదు ఇంత అని కోర్టు కట్టి, ఖజానా నుంచి యజమానికి ఇప్పించమని రాసుంటుంది. ఇంటిపేరు ఉండదు, యజమాని పేరు కిందే ఉంటారు. మన షీట్‌లో వాళ్ళకి కాలమ్ లేకపోతే నేను రిమార్క్స్‌లో పేరు, తేదీ, యజమాని పేరు, పేజీ నంబరు తప్పకుండా ఎక్కిస్తా, మీరూ ఎక్కించండి, వాళ్ళ మునిమనవలు ఎక్కడో వెతుకుతుంటారు, వాళ్ళకి దొరికే ఒకే ఒక్క లైను అదే కావచ్చు.

వర్జీనియా దాటితే పేర్లు మారతాయి. టెన్నెసీ అప్పట్లో నార్త్ కరోలినాలో భాగం, అక్కడ మూడు నెలలకోసారి కూర్చునే కోర్ట్ ఆఫ్ ప్లీస్ అండ్ క్వార్టర్ సెషన్స్, తర్వాత అమెరికా అధ్యక్షుడైన ఆండ్రూ జాక్సన్ 1788లో జోన్స్‌బరోలో వకీలుగా చేరింది అలాంటి చోటే. ఒహైయో నదికి ఉత్తరాన ఆ ప్రాంతం కోసం చేసిన 1787 ఆర్డినెన్స్ చట్టం వల్ల హేబియస్ కార్పస్, జ్యూరీ, బెయిలు హక్కులు ముందే రాసిపెట్టి ఉన్నాయి, మారియెటాలో 1788 సెప్టెంబర్‌లో కోర్టులు తెరిచారు.

రికార్డులు చాలావరకు ఫ్యామిలీసెర్చ్‌లో ఫ్రీగా దొరుకుతాయి, అకౌంట్ ఉంటే చాలు, చేతిరాతలో కూడా వెతికే సదుపాయం ఇప్పుడుంది కానీ పొడుగు ఎస్‌ని ఎఫ్ అనుకుని తప్పులు చదువుతుంది, దాన్నే నమ్ముకోకండి, ఇండెక్స్ పేజీ కళ్ళతో చూడండి.

ఇప్పుడు హిందూపురం పిల్లవాడి ప్రశ్న. విలియమ్స్‌బర్గ్‌కి పంపాక ఏమైందో జనరల్ కోర్టు పుస్తకాల్లో ఉండాలి, అవి లేవు, 1865 ఏప్రిల్‌లో అంతర్యుద్ధం చివర రిచ్‌మండ్ తగలబడినప్పుడు కాలిపోయాయి. అందుకే కౌంటీ పేజీకి అంత విలువ. అలాంటప్పుడు పక్క దారులు చూడాలి. 1736 నుంచి వచ్చిన వర్జీనియా గెజెట్ పత్రికలో జనరల్ కోర్టు సెషన్ అయ్యాక ఎవరికి ఏ శిక్షో వేసేవాళ్ళు, అన్ని సంచికలూ మిగల్లేదు గానీ ఉన్నవి ఫ్రీగా చూడొచ్చు. అదే ఆర్డర్ బుక్కులో కౌంటీ పన్ను లెక్క వేసిన పేజీ పట్టుకోండి, తోడేళ్ళ తలలు తెచ్చినవాళ్ళకి బహుమతుల పక్కనే ఖైదీకి కాపలా ఉన్నవాళ్ళకీ, జైలు బాగుచేసినవాళ్ళకీ ఎంతెంత పొగాకో ఉంటుంది. తర్వాతి పన్ను జాబితాల్లో, దస్తావేజుల్లో అదే పేరు బతికి కనిపిస్తోందా చూడండి, లేక పెళ్ళాం పేరు మీద ఆస్తి పరిపాలన కాగితం వచ్చిందా చూడండి.

మేమిద్దరం ఆ రాత్రి రెండున్నర దాకా ఇవన్నీ తిరగేశాం. కాపలా వాళ్ళకి ఇచ్చిన పొగాకు దొరికింది, ఇద్దరు మనుషులు, నాలుగు రోజులు. ఆ తర్వాత వాడి పేరు ఎక్కడా రాలేదు. పిల్లవాడు షీట్‌లో ముందు ఉరి అని టైప్ చేశాడు, కాసేపు చూసి తనే చెరిపేసి, విచారణకి పంపారు, ఫలితం దొరకలేదు అని రాసి, పేజీ నంబరు వేసి, భూమి లైనుకి వెళ్ళాడు.